రాయి కింది ఇంజను

ఉంగ తన జీపుకి వేరే ఇంజను వేయిస్తున్నాడన్న కబురు బాసగూడలో పాకినప్పటి నుంచి, ఏ ఇంజను వేయించాలన్న దాని మీద అభిప్రాయం లేని మనిషి ఊళ్లో మిగల్లేదు. జీపుకి ముందు వైపేదో వెనక వైపేదో తెలియని వాళ్లు కూడా గడ్డం గోక్కుంటూ సలహాలు చెప్పారు. వారం బజారులో ఎండుచేపలమ్మే ఆవిడైతే, పెద్దదే వేయించు, చిన్నదాంతో ఏం వేగుతావని తేల్చేసి, తూకంలో మాత్రం రెండు చేపలు తగ్గించింది.

వాళ్లననీ లాభం లేదు. ఆ జీపు ఉంగ ఒక్కడిదే అని ఎవరూ అనుకోరు. అటు తర్రెం వైపు, ఇటు ఆవపల్లి వైపు, బస్సు మొహం చూడని దారుల్లో చింతపండు బస్తాలు, ఇప్పపువ్వు మూటలు, కోళ్లు, మనుషులు కలిసి కదిలేది అందులోనే. ఇప్పుడది ముసలిదైపోయింది. చిన్న ఎత్తు వచ్చినా నల్లటి పొగ కక్కి నిలబడిపోతుంది. జనం దిగి తోయాలి. "మేం నీకు కిరాయి ఇచ్చుడు కాదుర, తోసినందుకు నువ్వే మాకు కూలియ్యాలె" అని ఊరి పటేలు మాసా ఎకసెక్కాలాడేవాడు. ఉంగకి నవ్వు వచ్చేది కాదు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ జీపు కదిలితేనే.

ఊరంతా ఎక్కి తిరిగిన ఆ జీపుని ఎన్నడూ ఎక్కనిది ఒక్కతే, మంగి. ఉంగ తల్లి. కొడుకు జీపు దుమ్ము లేపుకుంటూ పక్కనుంచి పోతుంటే, నెత్తి మీద గంపతో బాట దిగి నిలబడి, జీపు పోయాక మళ్లీ నడిచేది. ఎందుకెక్కవే అంటే వాంతులొస్తాయనేది. ఎక్కకపోతే ఎక్కకపోయింది గానీ, ఆ జీపు వాగు అవతల ఉండగానే చప్పుడు పట్టేసేది. ఉంగ ఇంటికి చేరేసరికి జావ కుండ దించి, ఆకుదొప్ప పక్కన పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉండేది. పక్కింటివాళ్లకి ఆ చప్పుడు ఇంకా వినిపించను కూడా వినిపించేది కాదు.

జీపు మొదట ఉంగ తండ్రి ఆయతుది. ఉంగకి నూనూగు మీసం వచ్చే వయసులో ఆయతు జ్వరమొచ్చి పోయాడు. ఆ ఊళ్లో మనిషి పోతే అతను వాడుకున్న వస్తువులు అతనికే ఇచ్చేస్తారు. ఊరి బయట బాట పక్కన గుర్తురాయి నిలబెట్టి, అతని గొడ్డలి, గొడుగు, మంచం, కంచం ఆ రాయి దగ్గర వదిలి వస్తారు. మళ్లీ ఇంట్లోవాళ్లు వాటి జోలికి పోరు. పోయినవాడి సొమ్ము వాడుకుంటే పోయినవాడు ఊరుకోడు. ఇంటి మీదికొచ్చి అడుగుతాడు, జ్వరంగానో, పాముగానో.

గొడ్డలీ గొడుగూ సరే. జీపు సంగతేమిటి? రాయి దగ్గర వదిలేస్తే మంగి పిల్లల నోట్లో మట్టి. వదలకపోతే ఆయతుతో తంటా. ఊరు రోజంతా కూర్చుని తేల్చుకోలేకపోతే, చివరికి మాసా రెండు దొప్పల ఇప్పసారా తాగి తీర్పు చెప్పాడు. జీపు బాడీ ఇల్లు లాంటిది, ఇంటిని ఎవరూ రాయి దగ్గర పెట్టరు. కదిలేదీ కదిలించేదీ ఇంజను. ఆయతు ఇంజను ఆయతుకి ఇచ్చేసి వేరేది వేయించుకుంటే, అది వేరే జీపే అవుతుంది.

మంగి తలూపింది. తన మరిదిని తోడు తీసుకుని, జీపుతో పాటు పరాయి ఊరి మిస్త్రీ దగ్గరికి వెళ్లింది. కొన్నాళ్లకి జీపు వచ్చింది. వెనకే ఎడ్లబండి మీద, కొత్త గుడ్డలో మూడు చుట్లు చుట్టిన ఇంజనూ వచ్చింది. ఎనిమిది మంది మగవాళ్లు మోకులు పట్టి దాన్ని గోతిలోకి దించారు. మాసా ఒక మోకు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మట్టి కప్పారు, రాయి నిలబెట్టారు. ఆ మర్నాటి నుంచి జనం భయం లేకుండా జీపెక్కారు. పెళ్లివాళ్లు ఎక్కారు, పురిటివాళ్లు ఎక్కారు.

ఆ వేయించిన ఇంజనే ఇప్పుడు ముసలిదయ్యిందని ఉంగ అనుకుంటున్నాడు. అందరూ అలాగే అనుకుంటున్నారు.

* * *

దంతెవాడలో రోడ్డు పక్క రేకుల షెడ్డు పైడయ్యది. అతని తండ్రి విజయనగరం అవతలి పల్లె నుంచి కిరండూల్ రైల్వే లైనులో పనికి వచ్చాడు. పైడయ్య పుట్టింది, పెరిగింది, పెళ్లాడింది అంతా ఇక్కడే. హిందీ మాట్లాడతాడు, హల్బీ మాట్లాడతాడు, గోండీలో బేరం కూడా ఆడతాడు. తెలుగుకొచ్చేసరికి మాత్రం నాన్న యాస ఒక్క పొల్లు కూడా జారనివ్వడు.

"పెద్దింజనంతావేటి బాబూ, పెద్దింజను పెట్టీగానే అయిపోద్దేటి?" అన్నాడు పైడయ్య, బానెట్ మీద మోచేతులు ఆన్చి. "దానికీ మన గేరుబాక్సుకీ పొత్తు కుదరదు. నడిమిన ప్లేటొకటి కోయించాల. రేడియేటరు సాలదు, మార్చాల. ఎనక సక్రాల్ని తిప్పే సాఫ్టు కొలత తేడా వస్తాది, కోసి అతికించాల. పెల్లికి ఒప్పుకున్నాక సుట్టాల్ని లెక్కెట్టుకున్నట్టుంటాది దీని కర్సు."

"ముందుగాల ఎంతైతదో చెప్పు మిస్త్రీ. సుట్టాల సంగతి తర్వాత చూద్దాం."

ఉంగ దగ్గర లక్ష ఉంది. ఎడ్ల జత అమ్మాడు. తునికాకు డబ్బు, భార్య మీనా చింతపండు మీద దాచింది కలిపాడు. ఆ లక్షలోనే తేలాలి. తేలకపోతే జీపు కొట్టంలో కోళ్లు పొదగడానికే. బజారులో అందరి ముందూ పెద్ద ఇంజను, పెద్ద ఇంజను అని కోసిన కోతలు వేరే ఉన్నాయి. తర్రెం ఎత్తు మూడో గేరులో ఎక్కిస్తా చూస్కోండని పందెం కూడా వేశాడు.

పైడయ్య షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో లెక్క వేశాడు. ఇంజను అరవై అయిదు వేలు. ప్లేటూ సాఫ్టూ కలిపి ఇరవై. రేడియేటరు ఎనిమిది. మజూరీ పన్నెండు. ఆర్టీవో ఆఫీసు కాగితాలకి అయిదు. మొత్తం లక్షా పది.

ఉంగ మొహం వేలాడేశాడు.

"అప్పుడే ఏడవకు. నీ పాతింజను ఉంది కదేటి? బ్లాకు అరిగిపోయినా హెడ్డూ పంపూ పనికొస్తాయి. పాత ఇనుం కొనే కబాడీవాడు పన్నెండు వేలు ఇస్తానన్నాడు, రేపొచ్చి పట్టుకెల్తాడు. అది తీసీ. తొంబై ఎనిమిది. ఇంకా రెండేలు మిగిల్తే కోడిని కోద్దుము."

ఉంగకి ప్రాణం లేచొచ్చింది. తొంభై ఎనిమిదిని తలుపు మీద మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. తండ్రి ఇంజనైతే అమ్మేవాడు కాదు గానీ, ఇది ఎవరిదో తెచ్చి వేసిందే కదా.

"సరే, నంబరు తీసీద్దుము రా" అన్నాడు పైడయ్య. "ఇంజను మారిస్తే పాత నంబరు కాయితం మీద అచ్చు తీసి ఆఫీసుకి ఇయ్యాల. నేకపోతే దొంగింజను అంటారు, బండి లోపలేసీస్తారు."

డీజిల్‌లో ముంచిన గుడ్డతో ఇంజను పక్కన పేరుకున్న జిడ్డు గీకాడు. ఇనుము మీద చెక్కిన అంకెలు కొద్దికొద్దిగా బయటపడ్డాయి. వాటి మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దాడు. నల్లటి సీసపు రంగులో తెల్లగా అంకెలు తేలాయి.

"ఇదిగో, నాను సదువుతాను, నువ్వు ఆర్‌సీలో సూడు."

ఉంగ ఆర్‌సీ తెరిచాడు. తండ్రి బతికుండగా, జీపు కొన్ననాడు తీసుకున్న కాగితం. పైడయ్య ఒక్కో అంకె చదువుతున్నాడు. ఉంగ వేలు ఒక్కో అంకె మీద జరుగుతోంది. మొదటిది కలిసింది. రెండోది కలిసింది. నాలుగో అంకె దగ్గరికి వచ్చేసరికి ఉంగ వేలు ఆగిపోయింది, కళ్లు మాత్రం మిగతా అంకెల వెంట పోయాయి. పైడయ్య ఆగలేదు, చివరికంటా చదివేసి తలెత్తాడు.

"ఏటి, కలిసిందా?"

"కలిసింది."

"బంగారం! ఇంక గొడవే నేదు. కంపెనీ పెట్టిన ఇంజను కంపెనీ పెట్టినట్టే ఉంది. మీ నాయిన కాయితం, మీ నాయిన ఇంజను."

పైడయ్యకి పండగలా ఉంది. నంబరు కలవని బళ్లతో ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయిన మనిషి. ఉంగ మాత్రం పాత టైరు మీద కూలబడ్డాడు.

"కాదు మిస్త్రీ. మళ్ల చూడు. అయ్య చచ్చిపోయినప్పుడు ఇంజను మార్చినం. అయ్యది భూమిల ఉన్నది. ఊరంత చూసింది."

"ఊరు సూస్తే ఏటి? ఇనుం మీదున్నది అబద్దం ఆడుతాదా? ఇటు రా, ఈ బోల్టులు సూడు. కంపెనీ రంగు కూడా సెదర్నేదు. దీన్ని సాసీ మీంచి ఎవుడూ, ఎప్పుడూ దించనేదు. అయినా మంచిదే కదేటి, నువ్వేటి అలగైపోనావు?"

పదిహేనేళ్లుగా తను తిప్పింది తండ్రి ఇంజనే. చచ్చిపోయినవాడి సొమ్ము మీద ఊరు ఊరంతా కూర్చుంది. కొత్త పెళ్లికూతుళ్లని కూర్చోబెట్టాడు. జ్వరాలొచ్చిన పసివాళ్లని పడుకోబెట్టాడు. వాళ్లలో బతకనివాళ్లూ ఉన్నారు. ఎందుకు బతకలేదో అప్పుడు ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

మిస్త్రీకి ఏమీ చెప్పకుండానే లేచి బస్టాండు దారి పట్టాడు. వెనక నుంచి పైడయ్య ఏదో అరుస్తున్నాడు. వినిపించుకోలేదు.

* * *

బస్సు కిటికీ పక్కన కూర్చుని దారిపొడుగునా ఒకటే ఆలోచన. ఆ పరాయి ఊరి మిస్త్రీ మోసం చేసి ఉంటాడు. మగడు పోయిన అమాయకురాలు వచ్చిందని డబ్బు తీసుకుని, ఇంజను మార్చకుండానే పంపేసి ఉంటాడు. పాపం అవ్వ. ఈ మాట ఆమెకి ఎలా చెప్పాలి? వింటే గుండె పగిలి చస్తుంది. తల్లి మీద జాలితో ఉంగకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మంగి వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. బస్సు దిగిన చోటి నుంచి కొడుకు నడిచి రావడం చూసి తలెత్తింది.

"జీపేది?"

"మిస్త్రీ కాడున్నది."

"బస్సుల వచ్చినవా? లోపల గంజి ఉన్నది, తాగు."

"అవ్వా, ఒకటి చెప్త, భయపడకు. అయ్య ఇంజను భూమిల లేదు. జీపులనే ఉన్నది. నంబరు చూసినం."

ఆమె చేతులు ఆగలేదు. ఒక గింజ పడింది. ఇంకో గింజ పడింది.

"చూసిన్రా?" అంది.

అంతే. ఏడవలేదు, అరవలేదు, ఆ మిస్త్రీని తిట్టలేదు. ఉంగ దారంతా దాచుకొచ్చిన జాలి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలా నిలబడిపోయాడు.

"అవ్వా! నీకు ఎరికేనా?"

"నేను చేసిందే, నాకెరిక లేకుంటదా?" అంది మంగి. "వేరే ఇంజనుకు ఇంత అన్నడు ఆ మిస్త్రీ. గా ఇంత నా కాడ ఉన్నదా? చేను అమ్మాలె. చేనమ్మి ఇంజను తెస్తే మీరేం తింటరు, ఇంజను తింటరా? నాతోని వచ్చిన మీ చిన్నయ్యతోని ఒట్టు వేయించిన, చచ్చేదాక చెప్పలే, మంచోడు. ఇంజను మీ అయ్య అడగలేర. మాసా అడిగిండు."

"మరి గోతిల పెట్టిందేంది?"

"ఇనుము."

"ఏం ఇనుము?"

"ఇనుమంటే ఇనుమే. కబాడీల తూకానికి కొన్న. ఎనిమిది మంది మొయ్యాలె, గంత బరువుంటె చాలన్న. కొత్త గుడ్డ చుట్టిన. ఆ గుడ్డకే ఎక్కువైంది."

ఉంగకి కోపం వచ్చిందో, భయం వేసిందో అతనికే తెలియలేదు. గొంతు మాత్రం పెద్దదైపోయింది. ఊరినంతా దాని మీద తిప్పానే, నన్ను తిప్పనిచ్చావే అని అరిచాడు. రోజూ పొద్దున లేచి ఆ స్టీరింగు పట్టుకుంటుంటే చూస్తూ ఊరుకున్నావా, నన్నెట్ల కూసోనిచ్చినవ్ అని అడిగాడు.

మంగి కొడుకు వంక అదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"కొడుకు తండ్రి భుజం మీద కూసోడా ఏంది?"

"మరి నువ్వెందుకు ఎక్కలే?" అన్నాడు ఉంగ నెమ్మదిగా.

"అది నేను అరువు తెచ్చుకున్నది. నా కొడుకు వాడి సొంతంగ ఇంజను కొనుక్కునేదాక ఇయ్యి, తర్వాత నీది నీకిస్తనని ఏటేట రాయి కాడికి పోయి అడుక్కుంటున్న. అరువు తెచ్చినదాని మీద ఎవలన్న ఊరేగుతరా?" అని మళ్లీ చింతపండు అందుకుంది. "ఇప్పుడు కొంటున్నవ్ గద. ఇగ అడుక్కునే పని లేదు. అది దింపినంక తీస్కరా, ఇచ్చేద్దాం."

"అవ్వా, దాన్ని కబాడీ ఆయన తీస్కపోతడు. బేరమైంది."

ఇంతసేపూ ఆగని చేతులు అప్పుడు ఆగాయి. మంగి లేచి నిలబడింది. ఒళ్లోని చింతపండు నేలపాలైంది.

"అమ్మినవా? మీ అయ్యది అమ్మినవా?"

ఆమె మొహంలో అలాంటి భయం ఉంగ ఎన్నడూ చూడలేదు. తండ్రి పోయిన రోజు కూడా చూడలేదు. ఉంగ ఊరి చివర పోలీసు క్యాంపు పక్కన సెల్ టవరున్న చోటికి పరుగెత్తాడు. ఊరి మొత్తానికి ఫోను పలికేది అక్కడే. రెండుసార్లు కలిసి తెగిపోయింది. మూడోసారి పైడయ్య ఎత్తాడు.

"మిస్త్రీ, రేపు ఆ కబాడీ ఆయనను రానియ్యకు!"

"రేపేటి, ఆడు ఇయ్యాలే వచ్చీసినాడు. నువ్వెల్లగానే దించీసినాం. ఇప్పుడే బండికెక్కిస్తన్నారు."

"దింపు! దింపు మిస్త్రీ, నీ కాళ్లు మొక్కుత. అది అమ్మేది కాదు. అది మా అయ్యది."

అటువైపు కాసేపు గొలుసుల చప్పుడు, మనుషుల కేకలు. పైడయ్య ఎవరినో హిందీలో గట్టిగా తిట్టడం వినిపించింది. మళ్లీ ఫోనులోకి వచ్చాడు.

"దించీసినాను. ఆడు నా మీద కారాలూ మిరియాలూ నూరతన్నాడు. ఏటిరా బాబూ ఇది? పన్నెండేలు పోతే నీ లెక్క లక్షా పది, తెలుసా నీకు?"

"తెలుసు. పెద్దింజను వద్దు మిస్త్రీ. పాతదాని సోంటిదే పెట్టు."

"అలగైతే ఇంజనూ సవకే, ప్లేటూ సాఫ్టూ అక్కర్నేదు, రేడియేటరూ అక్కర్నేదు. డెబ్బై రెండులో తెగ్గొట్టీయొచ్చు. మరి తర్రెం ఎత్తు, మూడో గేరు అన్నావు కదేటి?"

"దిగి తోస్తరు తీ" అన్నాడు ఉంగ.

* * *

ఇంజనంటే మనిషొక్కడు మోసుకెళ్లి గుట్టుగా పూడ్చిపెట్టే వస్తువు కాదు. ఎనిమిది మంది కావాలి. అంటే ఊరికి చెప్పాలి. చెబితే జీపు ఇంకెవరూ ఎక్కరు. చెప్పకపోతే తండ్రి సొమ్ము తండ్రికి చేరదు. మర్నాడు పొద్దున్నే ఉంగ తల్లిని వెంటబెట్టుకుని మాసా ఇంటికి వెళ్లాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు గానీ, అతను నోరు తెరిచేలోగా మంగి అరుగు ముందు నిలబడి మొత్తం చెప్పేసింది.

మాసా నోట్లోని పొగాకు ఉమ్మడం మరిచిపోయాడు. వాకిట్లో జనం పోగయ్యారు. ఎవరో ఆడమనిషి చంటిపిల్లని గుండెకి గట్టిగా అదుముకుంది.

"నా కొడుకు పుట్టిందే ఆ జీపుల" అన్నాడు మాసా చివరికి. "దవాఖానకు పోతుంటే తొవ్వలనే పుట్టిండు. సచ్చినోడి సొమ్ము మీద పుట్టిండానే నా కొడుకు?"

"పుట్టిండు గద?" అంది మంగి. "బతికిండు గద? నాగలి పట్టిండు, నీ భుజం దాక వచ్చిండు. ఆయతు కోపం చేసిండా? అది చెప్పు ముందు."

జవాబు లేనప్పుడు పెద్దమనుషులు చేసే పనే మాసా చేశాడు, తప్పు వేశాడు. ఒక పంది, ఊరికి సరిపడా సారా, రాయి దగ్గర అందరి ముందూ మంగి తన నోటితో ఆయతుకి చెప్పుకోవడం. అసలు ఇంజను గోతిలో పడేదాకా ఊళ్లోవాళ్లెవరూ జీపెక్కకూడదు. ఆ తర్వాతైనా ఎక్కాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది.

ఉంగ ఫోను చేసి చెబితే పైడయ్య మళ్లీ సుద్దముక్క అందుకున్నాడు. తలుపు మీద మజూరీ కింద పంది అని రాసి, "ఇన్నేల్లలో ఎంతో మంది ఇంజన్లు మార్చినాను గానీ బాబూ, పందికి బడ్జెట్టెయ్యడం ఇదే మొదలు" అన్నాడు.

ఆర్టీవో కాగితాలు ముగిశాక ఒక మధ్యాహ్నం జీపు బాసగూడ వచ్చింది. ముందు పాతదాని సాటి ఇంజను. వెనక, జనం కూర్చునే చోట, తాళ్లతో కట్టిన ఆయతు ఇంజను. ఆయతు తన జీపులో తనే ప్రయాణికుడిలా వచ్చాడు. తోడుగా పైడయ్య కూడా వచ్చాడు, పంది కూర మాట విన్నాక ఆగలేదు. వాగు దాటి ఇంటి ముందు ఆపితే వాకిట్లో ఎవరూ లేరు. జావ కుండ పొయ్యి మీదే ఉంది. ఉంగ హారన్ కొట్టాడు. మంగి లోపల్నుంచి వచ్చి, "నువ్వేనా?" అంది. పనుల హడావుడిలో ఉంగ అదేమీ పట్టించుకోలేదు.

రాయి పక్కన గొయ్యి తవ్వారు. గుడ్డ ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. మోకులు వేసి పైకి లాగితే, తుప్పు పట్టి ఎర్రబారిన ఇనుప ముద్ద ఒకటి వచ్చింది, పక్కన ఒక చక్రంతో. జనం గుండ్రంగా చేరి చూస్తున్నారు. పైడయ్య వంగి, చక్రాన్ని గోటితో గీకి, లేచాడు.

"ఇది పిండిమర బాబూ."

మాసా దాని దగ్గరికి వచ్చి, ఒకసారి ముట్టుకుని, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దీన్ని పట్టుకొనా నేను గంత ఏడ్సింది?"

"నీ ఏడుపు ఆయనకు అందింది తీ, కాకా" అంది మంగి.

వెనక ఎవరికో నవ్వు ఆగలేదు. ఆ నవ్వు పక్కవాళ్లకి అంటుకుంది. చివరికి మాసా కూడా తల అడ్డంగా ఊపుతూ, కళ్లు తుడుచుకుంటూ మోకు అందుకున్నాడు. ఆయతు ఇంజనుకి కొత్త గుడ్డ చుట్టి ఎనిమిది మందీ దించారు. మంగి గోతి అంచున కూర్చుంది.

"ఇగో, నీది నీకు" అంది రాయి వంక చూస్తూ. "పిండిమర పెట్టి నిన్ను మోసం జేసిన. పిల్లల కోసం జేసిన. ఇప్పుడు ముట్టింది గద. ఇగ నన్నేం అనకు."

మట్టి కప్పారు. ఇక మిగిలింది జీపు. జనం దాని చుట్టూ ఎడంగా నిలబడ్డారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు గానీ ఎవరూ అడుగు ముందుకు వేయడంలేదు. ఉంగ డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు మీద చేతులు ఆన్చుకున్నాడు. ఇప్పుడు ఎవరూ ఎక్కకపోతే ఎడ్లూ పోయాయి, డబ్బూ పోయింది, రేపటి నుంచి బతుకూ లేదు.

మంగి చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని జీపు దగ్గరికి నడిచింది. పదిహేనేళ్లలో మొదటిసారి మెట్టు మీద కాలు పెట్టి, కాస్త తడబడి, కొడుకు పక్కన కూర్చుంది. జనంలో గుసగుసలు లేచాయి. మాసా వెనక ఎక్కాడు. అతని వెంట పెద్ద కోడలు, ఆమె వెంట పిల్లలు. ఎక్కేవాళ్లతో జీపు ఊగుతుంటే ఉంగకి ఏడుపొచ్చినంత పనైంది.

తాళం తిప్పాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

తల్లి సంతోషపడుతుందనుకుని పక్కకి చూశాడు. మంగి తల వంచి, చెవి అటు పెట్టి వింటోంది. ఆమె మొహం కొంచెం కొంచెంగా తెల్లబోయింది. ఏదో పోగొట్టుకున్నదానిలా జీపు లోపలా బయటా చూసింది.

"ఇది గాదు" అంది.

"ఏంది గాదు అవ్వా? గదే రకం ఇంజను."

"ఆయన చప్పుడు గాదు."

ఉంగకి అర్థం కాలేదు. మంగి కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. మనిషిని సాగనంపిన రోజు నుంచి ఈ రోజు దాకా ఆమె ఏడ్చింది ఎవరూ చూడలేదు.

"పొద్దుగాల నువ్వు తీస్తుంటె ఆయన పోతున్నడనుకునేదాన్ని" అంది. "మాపటికి వాగు కాడ చప్పుడు గాంగనె, వస్తున్నడని కుండ దించేదాన్ని. నీ కోసం కాదుర."

పాతిపెట్టింది ఇంజనునే అనుకున్నాడు ఉంగ ఇంతసేపూ. తల్లికి ఆయతు పోయింది పదిహేనేళ్ల కిందట కాదు, ఇందాకే. చెయ్యి దానంతటదే తాళం మీదికి వెళ్లింది.

మంగి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆపకు" అంది. "పోనియ్యి. దీని చప్పుడు గూడ నేర్చుకోవాలె గద నేను."

వెనక మాసా జీపు రేకు మీద అరచేత్తో చరిచి, ఇంకా ఎంతసేపురా అన్నాడు. ఉంగ గేరు వేశాడు.